గీత దాటిన వల

సిక్కోలు ఒడ్డున పుట్టారు. గుజరాత్ కడలిలో వేటాడారు. కరాచీ జైల్లో తేలారు. చివరికి వాళ్లను ఇంటికి చేర్చింది తుపాకులు కాదు... కాగితాలు! 2020 జనవరిలో వాఘా గేటు దాటి వచ్చిన ఆంధ్రా మత్స్యకారుల కథలో, రెండు దేశాలు ఎంత కోపంగా ఉన్నా తెగిపోని ఓ సన్నటి దారం కనిపిస్తుంది.

ఏటా జనవరి 1న ప్రపంచమంతా శుభాకాంక్షల సందడిలో ఉంటుంది. అదే రోజు ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఏ హడావుడీ లేకుండా ఓ తంతు జరిగిపోతుంది. భారత్, పాకిస్థాన్ అధికారులు కొన్ని జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. వాటిలో ఒకటి అణు కేంద్రాల జాబితా. వాటి మీద దాడి చేయబోమంటూ 1988 డిసెంబరు 31న రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఆ ప్రకారం 1992 నుంచి ఆ వివరాలు చేతులు మారుతున్నాయి.

మరో జాబితాలో ఉండేవి మనుషుల పేర్లు. 'మీ వాళ్లు మా జైళ్లలో ఇంతమంది ఉన్నారు' అని ఒకరికొకరు చెప్పుకునే లెక్క అది. 2008 మే 21న కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి రెండుసార్లు, జనవరి 1న ఒకసారి, జులై 1న మరోసారి, ఈ లెక్క చెప్పుకోవాలి. 2020 జనవరి 1న పాకిస్థాన్ ఇచ్చిన జాబితాలో 282 మంది భారతీయులున్నారు. అందులో 227 మంది మత్స్యకారులే!

అంటే ఆ జైళ్లలో ఉన్న మనవాళ్లలో ప్రతి ఐదుగురిలో నలుగురు చేపలు పట్టుకునేవాళ్లు. గూఢచారులూ కాదు, సైనికులూ కాదు. గుప్పెడు అన్నం కోసం వల వేసినవాళ్లు. వాళ్లలో కొందరి చిరునామా... శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం.

తీరం మనది... వేట వేరేచోట

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. పక్కనున్న విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఊరి తర్వాత ఊరు, పేట తర్వాత పేట... అందరికీ గంగమ్మే దిక్కు. ఇంత తీరం పెట్టుకుని చేపల కోసం రెండు వేల కిలోమీటర్ల అవతలున్న గుజరాత్‌కు వెళ్లడమేంటి?

కారణాలు ఒకటి కాదు. ఈ రెండు జిల్లాల తీరంలో పెద్ద బోట్లు ఆగేందుకు దశాబ్దాల పాటు సరైన హార్బరు లేదు. తెప్ప, నాటు పడవ, మహా అయితే ఇంజను బిగించిన ఫైబరు బోటు. వాటితో ఒడ్డుకు దగ్గర్లో వేటాడి సాయంత్రానికో మర్నాటికో తిరిగి రావాల్సిందే. తుపాను పట్టిందంటే ఆ నాలుగు రోజులూ పొయ్యి వెలగదు. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం.

గుజరాత్ సంగతి వేరు. అక్కడ ఒడ్డు నుంచి చాలా దూరం దాకా సముద్రం లోతు తక్కువ. చేపలు మేసేదీ గుడ్లు పెట్టేదీ అలాంటి నీళ్లలోనే. వెరావల్ లాంటి రేవుల్లో వేలకొద్దీ మర బోట్లున్నాయి. వాటి మీద పనిచేయడానికి అలవాటుపడిన చేతులు కావాలి. అలలతో ఆడుకుంటూ పెరిగిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లకంటే ఆ పనికి తగినవాళ్లెవరు?

అలా మొదలైంది వలస. పశ్చిమ తీరంలో వేట నిషేధం జులై ఆఖరుతో ముగుస్తుంది. ఆ సమయానికి బ్యాగులు సర్దుకుని రైలెక్కేస్తారు. మళ్లీ ఇంటి ముఖం చూసేది సీజను అయ్యాకే. బోటు ఒకసారి రేవు దాటితే పక్షం రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సముద్రం మీద. వంటా నిద్రా అన్నీ అందులోనే. పడవను నడిపించే నాయకుణ్ని అక్కడ 'తండేల్' అంటారు. 2025 ఫిబ్రవరిలో నాగచైతన్య, సాయిపల్లవి జంటగా వచ్చిన సినిమాకు పేరు అదే. దానికి స్ఫూర్తి ఈ సిక్కోలు మత్స్యకారుల కథే.

గీత ఎక్కడుంది?

నేల మీద సరిహద్దు అంటే కంచె ఉంటుంది, రాయి ఉంటుంది, కాపలా ఉంటుంది. నీటి మీద ఏముంటుంది? అలల మీద గీత గీయలేం కదా! భారత్, పాకిస్థాన్‌ల విషయంలో ఇంకో చిక్కుంది. అక్కడ సముద్ర సరిహద్దు మీద రెండు దేశాలకూ ఒప్పందమే కుదరలేదు.

ఈ పేచీకి మూలం సర్ క్రీక్. కచ్ రణ్‌కూ సింధ్‌కూ మధ్య 96 కిలోమీటర్ల పొడవున సాగే ఉప్పునీటి పాయ ఇది. పాయంతా తమదేననీ, తూర్పు ఒడ్డే హద్దనీ పాకిస్థాన్ అంటుంది. అందుకు 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానాన్ని చూపుతుంది. పడవలు తిరిగే పాయకు హద్దు నట్టనడుమ ఉండాలన్నది మన వాదన. 1965లో కచ్‌లో రెండు సైన్యాలూ తలపడ్డాయి. వివాదం అంతర్జాతీయ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 1968 ఫిబ్రవరి 19న వచ్చిన తీర్పు రణ్ సంగతి తేల్చింది కానీ సర్ క్రీక్‌ను ముట్టుకోలేదు. 2007లో ఇరుదేశాలూ కలిసి సర్వే చేశాయి. అయినా ముడి వీడలేదు.

మారుమూల చిత్తడి కోసం ఇంత పట్టుదల ఎందుకంటారా? సరిహద్దు ఆ పాయ మూతి దగ్గర్నుంచే సముద్రంలోకి సాగుతుంది. ఒడ్డున గీత కాస్త పక్కకు జరిగితే, లోపలికి వెళ్లేకొద్దీ వేల చదరపు కిలోమీటర్ల సముద్రం చేతులు మారిపోతుంది. అందులో చేపలున్నాయి. అడుగున చమురు, గ్యాసు ఉండే అవకాశమూ ఉంది. అందుకే ఎవరూ మెట్టు దిగరు.

ఈ లోపు నలిగేది ఎవరు? చేపల వెంట వెళ్లే పడవవాడు. గాలి తోస్తుంది, పోటు లాగుతుంది, ఇంజను మొరాయిస్తుంది. చీకట్లో ఎటు పోతున్నామో తెలిసేలోపే పాకిస్థాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ బోటు ఎదురుగా ఉంటుంది. ఇటువైపు మన కోస్ట్‌గార్డ్ చేతికి చిక్కే సింధ్ జాలర్ల పరిస్థితీ అంతే.

నిజానికి అంతర్జాతీయ సముద్ర చట్టం ఈ విషయంలో దయగానే ఉంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో వేరే దేశం వాళ్లు చేపలు పట్టి దొరికిపోతే, పూచీకత్తు తీసుకుని పడవనూ సిబ్బందినీ త్వరగా వదిలేయాలని 73వ అధికరణం చెబుతుంది. ఆ దేశాల మధ్య ప్రత్యేక ఒప్పందం ఉంటే తప్ప జైలుశిక్ష కూడదని కూడా అందులో ఉంది. ఈ ఒడంబడికను భారత్ 1995లో, పాకిస్థాన్ 1997లో ఆమోదించాయి. కానీ కాగితం మీది మాట నడిసముద్రం దాకా రావడం లేదు.

ఆ పధ్నాలుగు నెలలు

2018 నవంబరు. వెరావల్ వైపు నుంచి వేటకెళ్లిన బోట్లలో కొన్ని పాకిస్థాన్ గస్తీకి చిక్కాయి. వాటిలో ఉత్తరాంధ్ర వాళ్లున్నారన్న కబురు ఊళ్లకు చేరేసరికి ఇంటింటా ఏడుపులు. కరాచీ జైల్లో పెట్టారట... అంతవరకే తెలుసు. ఎన్నాళ్లుంచుతారో, అసలు వదులుతారో లేదో ఎవరూ చెప్పలేని స్థితి. సంపాదించే మనిషి లేడు. అప్పులవాళ్లు ఆగరు. ఆడవాళ్లే నడుం బిగించారు. కలెక్టరు ఆఫీసు నుంచి నాయకుల గుమ్మాల దాకా అర్జీలు పట్టుకుని తిరిగారు.

కాలం కూడా కలిసిరాలేదు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో దాడి జరిగింది. 26న మన విమానాలు బాలాకోట్‌పై బాంబులు వేశాయి. రెండు దేశాలూ యుద్ధం అంచున నిలబడ్డాయి. కరాచీ జైల్లో ఉన్న సిక్కోలు మనిషి గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

విచిత్రంగా, ఆ వేడి చల్లారకముందే ఓ తలుపు తెరుచుకుంది. 360 మంది భారతీయ ఖైదీలను విడతలవారీగా వదిలేస్తామని 2019 ఏప్రిల్‌లో పాకిస్థాన్ ప్రకటించింది. అందులో 355 మంది మత్స్యకారులే. వందలమంది గుజరాత్ వాళ్లు ఇళ్లకు చేరారు. కానీ, శ్రీకాకుళం కుటుంబాల ఎదురుచూపులు అప్పటికీ తీరలేదు.

ఆ తర్వాత ఇంకో పిడుగు. 2019 ఆగస్టు 5న జమ్మూకశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తిని కేంద్రం రద్దు చేసింది. పాకిస్థాన్ మన హైకమిషనర్‌ను పంపించేసింది. వ్యాపారం ఆగింది. సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగింది. రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్ కుర్చీలు ఖాళీ అయ్యాయి.

అయినా... 2020 జనవరి 6న 20 మంది ఆంధ్రా మత్స్యకారులు వాఘా సరిహద్దు దాటి భారత్ నేల మీద అడుగుపెట్టారు. వాళ్లను తీసుకురావడానికి రాష్ట్రం తరఫున అప్పటి మంత్రి మోపిదేవి వెంకటరమణ అక్కడికి వెళ్లారు. రెండు రోజుల తర్వాత తాడేపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిని కలిశారు. ఒక్కొక్కరికి రూ. 5 లక్షల చొప్పున సాయం అందింది.

రాయబారులు లేరు. రైళ్లు లేవు. మాటల్లేవు. మరి విడుదల ఎలా జరిగింది?

కాగితం చేసిన ప్రయాణం

శాంతి చర్చలనగానే పెద్ద బల్ల, రెండు జెండాలు, కెమెరాల ముందు కరచాలనాలు గుర్తొస్తాయి. మత్స్యకారుల విషయంలో జరిగేది అంతకన్నా చాలా చిన్న పని. కానీ అది ఆగితే అన్నీ ఆగిపోతాయి.

2008 ఒప్పందం చెప్పేది సూటిగా ఉంటుంది. అవతలి దేశస్థుణ్ని అరెస్టు చేస్తే వెంటనే ఆ దేశ హైకమిషన్‌కు తెలపాలి. మూడు నెలల్లోగా ఆ దేశ అధికారులు అతన్ని కలిసేందుకు వీలు కల్పించాలి. అతను ఏ దేశస్థుడో ఖాయమై, శిక్ష పూర్తయితే నెలలోగా పంపించేయాలి.

ఇందులో అసలు కీలకం 'ఏ దేశస్థుడో ఖాయం కావడం'. నడిసముద్రంలో పట్టుబడినవాడి దగ్గర పాస్‌పోర్టు ఉండదు. అధికారులు జైలుకెళ్లి పేరు, తండ్రి పేరు, ఊరు, పోలీస్ స్టేషను అన్నీ రాసుకుంటారు. ఆ కాగితం ఢిల్లీకి వస్తుంది. అక్కడి నుంచి రాష్ట్రానికి, జిల్లాకు, చివరికి ఊరికి చేరుతుంది. 'ఔను, ఇతను మావాడే' అని రేషను కార్డో ఓటరు కార్డో చూసి ధ్రువీకరిస్తే, అదే దారిలో వెనక్కి వెళ్తుంది. దారిలో ఒక్క బల్ల మీద ఆగినా అక్కడ జైల్లో మరో నెల గడిచిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఆంధ్రా వాళ్లకు ఇంకో తిరకాసు. బోటు గుజరాత్‌ది, యజమాని గుజరాతీ, మనిషిదేమో శ్రీకాకుళం. ఒక రాష్ట్రంలో బోటు కాగితాలు, ఇంకో రాష్ట్రంలో మనిషి కాగితాలు. ఊరిపేరులో, ఇంటిపేరులో ఓ అక్షరం అటూ ఇటూ అయినా పోల్చుకోవడం కష్టమవుతుంది. తెలుగు తప్ప వేరే భాష రానివాడు కరాచీలో తన ఊరి పేరు చెబితే అది ఉర్దూలోకీ ఇంగ్లిషులోకీ మారి తిరిగొచ్చేసరికి ఏ రూపంలో ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే ఇలాంటి కేసుల్లో కలెక్టరేట్‌లోని గుమాస్తా కూడా ఓ రాయబారే!

మనుషుల రాయబారం

ప్రభుత్వాలు మొహాలు తిప్పుకున్నప్పుడు కూడా మాట్లాడుకునేవాళ్లు కొందరుంటారు. 1994లో ఏర్పడిన పాకిస్థాన్-ఇండియా పీపుల్స్ ఫోరం ఫర్ పీస్ అండ్ డెమోక్రసీ ఎన్నో ఏళ్లుగా రెండువైపుల మత్స్యకారుల విడుదల కోసం అడుగుతూనే ఉంది. కరాచీలోని పాకిస్థాన్ ఫిషర్‌ఫోక్ ఫోరం కూడా అంతే. మన జాలరి కోసం వాళ్లు గొంతెత్తడానికి కారణం పెద్దదేం కాదు. వాళ్ల జాలర్లూ ఇటువైపు జైళ్లలో ఉన్నారు. ఒకడి కష్టం ఇంకొకడికి తెలుసు. విడుదలైన మన మత్స్యకారులను కరాచీ నుంచి లాహోర్‌కు చేర్చే ఏర్పాట్లు చేసి, దారి ఖర్చులు చేతిలో పెట్టి పంపిన సంస్థ ఈధీ ఫౌండేషన్. అది పాకిస్థాన్‌లోని ఓ స్వచ్ఛంద సంస్థ.

2007లో మరో మంచి ప్రయత్నం జరిగింది. రెండు దేశాల నుంచి నలుగురేసి విశ్రాంత న్యాయమూర్తులతో ఓ జ్యుడీషియల్ కమిటీ వేశారు. ఇక్కడి న్యాయమూర్తులు అక్కడి జైళ్లకు, అక్కడి వాళ్లు ఇక్కడి జైళ్లకు వెళ్లి ఖైదీలతో స్వయంగా మాట్లాడేవారు. శిక్ష అయిపోయినా మగ్గుతున్నవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, మతిస్థిమితం తప్పినవాళ్లు వాళ్ల కంటపడేవారు. 2013 అక్టోబరు తర్వాత ఆ కమిటీ కూర్చోలేదు. దాన్ని తిరిగి బతికించాలని 2018లో అనుకున్నారు కానీ ముందుకు సాగలేదు.

జాబితాల ఆనవాయితీ మాత్రం ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి, మే నెలలో ఆపరేషన్ సిందూర్... క్షిపణులు, డ్రోన్లతో రెండు దేశాలూ తలపడ్డాయి. ఆ తర్వాత రెండు నెలలైనా తిరగకుండానే, జులై 1న మామూలుగానే జాబితాలు చేతులు మారాయి! పాకిస్థాన్ చెప్పిన లెక్క 193 మంది మత్స్యకారులు. మనం చెప్పిన లెక్క 81. ఆ పేర్లు కాగితం మీద ఉన్నంతకాలం 'మావాణ్ని ఎప్పుడు పంపుతారు' అని అడిగే హక్కు ఉంటుంది. 2014 నుంచి 2025 జనవరి నాటికి 2,639 మంది భారతీయ మత్స్యకారులు పాకిస్థాన్ నుంచి ఇళ్లకు చేరారంటే ఆ సన్నటి దారమే కారణం.

తూర్పున గీత ఉంది... అయినా!

సరిహద్దు తేలిపోతే సమస్య తీరుతుందా? బంగాళాఖాతం వైపు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. భారత్, బంగ్లాదేశ్‌లు తమ సముద్ర వివాదాన్ని ట్రైబ్యునల్‌కు అప్పగించాయి. 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. పెద్ద భాగం పోయినా భారత్ ఆ తీర్పును గౌరవించింది. ఇరుగుపొరుగు తగవు తుపాకీ ఎత్తకుండా ఎలా తీర్చుకోవచ్చో ప్రపంచానికి చూపిన సందర్భమది.

గీత తేలింది. కానీ నీటి మీద అది కనిపించదు కదా! 2025 జనవరి 5న రెండు దేశాలూ మత్స్యకారులను మార్చుకున్నాయి. 95 మంది మనవాళ్లు ఇటు, 90 మంది వాళ్లవాళ్లు అటు. అదే ఏడాది అక్టోబరులో విజయనగరం జిల్లా మత్స్యకారులు కొందరు బంగ్లాదేశ్ జలాల్లోకి వెళ్లి పట్టుబడ్డారు. పడమట వాఘా కోసం ఎదురుచూసిన ఉత్తరాంధ్ర, ఈసారి తూర్పు వైపు చూడాల్సి వచ్చింది.

రేవు దగ్గరుంటే...

2020 జనవరిలో 20 మంది ఇళ్లకు చేరారు. సుమారు రెండున్నర నెలలకు కరోనా లాక్‌డౌన్ వచ్చింది. అప్పుడు బయటపడిందో నిజం. గుజరాత్ రేవుల్లో వేలమంది ఉత్తరాంధ్ర మత్స్యకారులు చిక్కుకుపోయి ఉన్నారు! ఏప్రిల్ నెలాఖరున వాళ్లను బస్సుల్లో సొంతూళ్లకు తీసుకురావాల్సి వచ్చింది. పక్కూరివాడు కరాచీ జైల్లో పధ్నాలుగు నెలలున్నాడని తెలిసీ మిగతావాళ్లు వెరావల్ వెళ్లడం మానలేదు. ఆకలి ముందు భయం ఎంతసేపు నిలుస్తుంది?

పరిష్కారం కొంత సాంకేతికం. సరిహద్దు దగ్గరపడగానే హెచ్చరించే ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే కార్యక్రమాన్ని 2024 ఆగస్టు 30న కేంద్రం మొదలుపెట్టింది. ఇస్రో సాంకేతికతతో పనిచేసే ఈ పరికరం సిగ్నలు లేనిచోట కూడా ఒడ్డుకు కబురు పంపగలదు. కొంత దౌత్యం. జ్యుడీషియల్ కమిటీని మళ్లీ కూర్చోబెట్టడం, పొరపాటున గీత దాటినవాణ్ని జైలుకు పంపకుండా సముద్రం మీదే హెచ్చరించి వెనక్కి పంపే పద్ధతి తేవడం. ఇవన్నీ ఢిల్లీ, ఇస్లామాబాద్ తలచుకుంటే అయ్యే పనులు.

ఇంకో పరిష్కారం మాత్రం ఎచ్చెర్ల మండలంలోనే ఉంది. డి.మత్స్యలేశం ఉన్న ఆ మండలంలోనే బుడగట్లపాలెం వద్ద ఫిషింగ్ హార్బరుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పెద్ద బోట్లు ఇక్కడే ఆగి, ఐసు ఇక్కడే దొరికి, చేపకు ఇక్కడే ధర పలికితే కొడుకును రెండు వేల కిలోమీటర్లు పంపాలని ఏ తల్లీ అనుకోదు. శాంతి ఒప్పందాల్లో హార్బరు మాట ఎక్కడా కనిపించదు. కానీ సిక్కోలు తీరానికి సంబంధించినంత వరకు, శాంతి మొదలయ్యేది ఆ రేవు దగ్గరే!

పరాయి దేశంలో పట్టుబడితే...

* వేటకు వెళ్లేవాళ్లు ఆధార్, ఓటరు కార్డు, రేషను కార్డు జిరాక్సులను ఇంట్లో భద్రంగా ఉంచాలి. మనదేశపు మనిషేనని తేల్చేది అవే.

* ఏ బోటులో వెళ్తున్నారో దాని పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని ఫోన్ నంబరు ఇంట్లోవాళ్ల దగ్గర రాసిపెట్టాలి.

* కబురు తెలియగానే మత్స్యశాఖ అధికారులకు, కలెక్టరు కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి. అర్జీ నకలు, రసీదు దాచుకోవాలి.

* విదేశాంగశాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

* పేర్లు, ఊరు, తండ్రి పేరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా విడుదల ఆలస్యం కావచ్చు.